ముప్పై ఏడో చీటీ

సోమవారం పొద్దున బట్టల షాపు వెనక గుమ్మం దగ్గర మేడమ్ ఒక సంచీ ఇంట్లో కుట్టి తెచ్చే ఆవిడ చేతిలో పెట్టి, ఇందులో రెండు గౌన్లున్నాయి, ఇది మామూలు పని కాదు, కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యమంది. పని ఇచ్చిన ప్రతిసారీ మేడమ్ అనే మాటే అది. ఆవిడ తలూపింది.

"శనివారం ఒక అమ్మాయి వచ్చింది. శుక్రవారం రిజిస్టరు పెళ్ళట. ఇంట్లో ఒప్పుకోలేదట, లేచిపోతోంది," అంది మేడమ్ గొంతు తగ్గించి, కళ్ళు పెద్దవి చేసి. "పెళ్ళిళ్ళకి ఎన్ని కుట్టించామో లెక్కలేదు గానీ, లేచిపోవడానికి కొలతలు తీసుకోవడం మాత్రం నాకిదే మొదలు."

ఆ అమ్మాయికి రెండు గౌన్లు నచ్చాయట, ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోయిందట. గంటన్నర అద్దం ముందు నిలబడి, అది విప్పి ఇదీ, ఇది విప్పి అదీ వేసుకుని, చివరికి రెండూ సరిచేయించండి, వచ్చి ఒకటి తీసుకుంటానని చెప్పి వెళ్ళిపోయిందట. అందుకని రెండింటికీ కచ్చా కుట్లే వెయ్యాలి. లాగితే ఊడి రావాలి, గుడ్డ మీద సూది పడ్డ గుర్తు ఉండకూడదు. గురువారం నాలుగింటికి అమ్మాయి వస్తుంది. ఏది తీసుకుంటానంటే దాన్ని అప్పటికప్పుడు మిషను మీద గట్టిగా కుట్టాలి, రెండోదాని కుట్లు లాగేసి తిరిగి హ్యాంగరుకి తగిలించాలి. కాబట్టి గురువారం మూడున్నరకల్లా వచ్చి తెర వెనకాల కూర్చోమంది. ముందు వైపుకి రావద్దని విడిగా చెప్పలేదు. ఇళ్ళలో కుట్టేవాళ్ళు కస్టమర్ల కంట పడకూడదన్నది ఆ షాపులో అందరికీ తెలిసిందే. అదంతా తన చేతి పనేనని అందరూ అనుకోవడం మేడమ్‌కి ఇష్టం.

ఆవిడకి ఈ షాపు పని దొరికి రెండు నెలలైంది. అంతకు ముందునుంచీ చేస్తున్న రెండు షాపులూ ఇంటికి దగ్గరే. ఇక్కడికి మాత్రం రెండు బస్సులు మారాలి. ఇంత దూరంలో ఒక షాపు పట్టుకున్నానని ఇంట్లో చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు. మిషను తిరుగుతూ ఉంటుంది, బట్టలు వస్తుంటాయి, పోతుంటాయి. ఎవరివని ఆ ఇంట్లో ఎప్పుడూ ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంటికి వచ్చి మూడంతస్తులూ ఎక్కి, ఆయాసం తీరాక, కిటికీ పక్కన మిషను మీద సంచీ బోర్లించింది. ఒకటి మీగడ రంగు గౌను. పొడుగు చేతులు, పాదాల దాకా దిగే అంచు, చేతిలోంచి జారిపోయే పల్చటి గుడ్డ. రెండోది బూడిద రంగుది. మోకాలి కిందికి వస్తుంది, కాలరు, రెండు జేబులు, ఏ ఆఫీసుకైనా వేసుకెళ్ళొచ్చు. బూడిద రంగు దాని జేబుకి గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. మేడమ్ పేర్లు రాయదు, నంబర్లే రాస్తుంది. ముప్పై ఏడు. భుజం పద్నాలుగు. ఛాతీ ముప్పై రెండు. నడుము ఇరవై ఆరున్నర. కింద అడ్డంగా, ఎడమ భుజం అర అంగుళం దిగువ.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివింది.

కూతురికి ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడి ఎడమ వైపు మెడ కింద కాలరు ఎముక విరిగింది. అతుక్కుంది గానీ భుజం అర అంగుళం కిందే ఉండిపోయింది. చూసేవాళ్ళకి తెలియదు, కుట్టేవాళ్ళకి తెలుస్తుంది. నడుము ఇరవై ఆరున్నర. రెండేళ్ళుగా అంతే, పిల్ల ఒక పట్టాన ఒళ్ళు చెయ్యదు. సన్నగా ఉందని వాళ్ళ నాన్న చిన్నప్పుడు పిట్ట అని పిలవడం మొదలుపెడితే అదే పేరైపోయింది.

ఆవిడ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఏడుపు రావాలి అనుకుంది. రాలేదు. కోపం వస్తుందేమోనని చూసింది, అదీ రాలేదు. లోపల ఎవరూ లేని గదిలా ఉంది. సుద్ద ముక్క మొద్దుబారిపోయింది, చెక్కుకోవాలి అని మాత్రం అనిపించింది. లేచి కత్తి తెచ్చుకుని సుద్ద చెక్కుకుంది.

పిట్ట కళ్ళద్దాల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది. ఆ షాపున్న భవనంలో లిఫ్టు బాగుచేసే అతను మూడు వారాల కిందట ఈ ఇంటికి వచ్చి, అదిగో ఆ కుర్చీలోనే కూర్చుని, పిల్లనిమ్మని అడిగాడు. ముందొకసారి పెళ్ళయి విడిపోయానని, నాలుగేళ్ళ పాప తన దగ్గరే ఉంటుందని అడగకముందే చెప్పాడు. అతను వెళ్ళేదాకా పిట్ట తండ్రి మర్యాదగానే ఉన్నాడు. తలుపు మూశాక, ఇంకొకళ్ళు వదిలేసిన సంసారం మొయ్యడానికి నిన్ను పెంచలేదన్నాడు. అతనితో వెళ్తే ఇక నీకు తండ్రి లేడు, తల్లి లేదు అన్నాడు. తల్లి లేదు అని ఆయన అంటున్నప్పుడు తల్లి ఇదే మిషను మీద దిండు గలీబులు కుడుతోంది. కాలు ఆపలేదు. పిట్ట ఒకసారి ఇటు చూసింది. మిషను చప్పుడు ఆగుతుందేమోనని చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఏం కావాలన్నా ఆవిడ ద్వారానే. అదెన్నింటికి వస్తుందట, అని ఆయన ఆవిడని అడుగుతాడు. ఆరున్నరకి వస్తానని చెప్పు, అని పిట్ట ఆవిడకే చెబుతుంది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉండగానే ఇదంతా జరుగుతుంది. ఉప్పు అందించడానికి కూడా ఆవిడ మధ్యవర్తి.

ఆ సాయంత్రం పిట్ట వచ్చే వేళకి ఆవిడ రెండు గౌన్లనీ మడతపెట్టి, బీరువా కింది అరలో పాత దుప్పట్ల అడుగున పెట్టింది. ఏ గౌన్లయితే ఇంట్లోవాళ్ళ కంట పడకూడదని పిల్ల అంత దూరం వెళ్ళిందో, వాటినే పిల్ల కంట పడకుండా తల్లి దాస్తోంది. ఇంకొకరి ఇంట్లో అయితే నవ్వొచ్చే విషయమే. పిట్ట వచ్చి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, కూరలు తరగడానికి కూర్చుంది. ఆవిడ ఎదురుగా కూర్చుంది. చెప్పనీ, అనుకుంది. ఆపమని కాదు, నా అనుమతి అడగమనీ కాదు. అమ్మా, శుక్రవారం వెళ్ళిపోతున్నాను అని ఒక్క మాట నా మొహం చూసి చెబితే చాలు. ఆవిడకి కావలసింది అంతే. అది కూడా దక్కకపోతే ఈ పాతికేళ్ళూ ఎవరికి తల్లినని బతికినట్టో ఆవిడకి తెలియలేదు.

"శుక్రవారం నీకు సెలవేమైనా ఉందా?" అని అడిగింది.

"లేదు. మామూలే," అంది పిట్ట కత్తిపీట మీంచి తల ఎత్తకుండా.

మంగళవారం తండ్రీ కూతుళ్ళు ఎవరి పనికి వాళ్ళు వెళ్ళాక ఆవిడ తలుపు గడియ వేసుకుని పని మొదలుపెట్టింది. మీగడ రంగు గౌనుకి నడుం దగ్గర రెండు వైపులా ముప్పావు అంగుళం లోపలికి తీసుకుంది. తెల్ల దారం ఒంటి పోగుతో, పొడుగు పొడుగు కచ్చా కుట్లు. గుడ్డ జారుతుంటే మోకాలి మీద తడి తువ్వాలు పరుచుకుని దాని మీద పెట్టి కుట్టింది. కింది అంచు ఇంకా మడవలేదు, ట్రయల్లో చెప్పులతో చూస్తే గానీ తెగదు. గంటలో ఆ పని అయిపోయింది. చాలా అందమైన గౌను. హ్యాంగరుకి తగిలించి కాస్త దూరంగా నిలబడి చూసింది. ఇది వేసుకుని ఈ ఇంట్లోంచి ఎవరూ బయటికి వెళ్ళలేరు అనుకుంది.

అదే ఆలోచన మధ్యాహ్నమంతా నడిచింది. శుక్రవారం ఆయనకి వారపు సెలవు. బస్సు డిపోలో టైమ్‌కీపరు ఆయన. ఏ బండి ఎన్నింటికి బయల్దేరిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో నిమిషాలతో సహా రాస్తాడు. సెలవు రోజున కూడా ముందు గదిలో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, వచ్చేపోయేవాళ్ళు ఆయన కళ్ళ ముందు నుంచే రావాలి, పోవాలి. మీగడ రంగుది తీసుకుంటే పిట్ట దాన్ని సంచీలో కుక్కుకుని తీసుకెళ్ళాలి, ఏ బస్టాండు బాత్రూములోనో తలుపుకి వీపు ఆనించి మార్చుకోవాలి. నలిగిపోయిన గుడ్డ, తడి నేల, బయట తలుపు కొట్టేవాళ్ళు. పెళ్ళికూతురు అలా తయారవడం ఆవిడకి నచ్చలేదు. బూడిద రంగుదైతే ఇంట్లోనే వేసుకోవచ్చు. మామూలుగా పనికి వెళ్తున్నట్టే ఉంటుంది. ఆయన పేపరు మీంచి చూసినా తల తిప్పడు.

టీ వేళకి ఆయన డిపో నుంచి వచ్చాడు. కప్పు అందిస్తూ ఆవిడ, "ఏమండీ," అంది.

"ఏంటి?"

చెప్పేస్తే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. శుక్రవారం దాకా కూడా ఆగడు, రేపే కళ్ళద్దాల షాపుకి వెళ్ళి నలుగురి ముందూ రెక్క పట్టుకుని తీసుకొస్తాడు. పిల్ల ఇంట్లోనే ఉంటుంది, బల్ల దగ్గర కూర్చుంటుంది, అది మాత్రం ఇక ఎప్పటికీ ఎవరితోనూ మాట్లాడదు.

"పంచదార సరిపోయిందా?" అని అడిగింది.

సరిపోయిందన్నాడు.

బుధవారం ఆవిడ బూడిద రంగు గౌను పట్టుకుంది. భుజం కుట్టు విప్పి ఎడమ వైపు సర్దింది, నడుం తీసింది, చంక దగ్గర ముడత పోగొట్టింది. కచ్చా కుట్లు వేసి పక్కన పెట్టాలి. పెట్టలేదు. చెయ్యి తన దారిన తను మిషను చక్రం తిప్పింది. గట్టి కుట్టు వేసింది, దాని మీద ఇంకో కుట్టు వేసింది. లోపలి గుడ్డ అంచులు పీచు రేగకుండా మడిచి కుట్టింది. కింది అంచుని చేత్తో పైకి కనిపించకుండా హెమ్మింగ్ చేసింది. జేబుల మూలలకి అడ్డ కుట్లు వేసింది, చేతులు పెట్టుకునే పిల్ల కదా, చిరిగిపోతాయని. ఎడమ భుజం లోపల రెండు పొరల గుడ్డ మధ్య కాస్త దూది పరిచి, అరచేతిలో సగమంత పలచటి ప్యాడు కుట్టింది. పిట్ట బట్టలన్నిటికీ ఆవిడ అలాగే కుడుతుంది, రెండు భుజాలూ సమంగా కనిపిస్తాయని. చీటీలో అది లేదు. మేడమ్ చెప్పలేదు. ఆవిడకి అది ఆలోచించి చేసే పనే కాదు.

దారం కొరికి తెంపాక గానీ తానేం చేసిందో తెలియలేదు. ముప్పై రెండేళ్ళ పనిలో ఎన్నడూ ఇలాంటి పొరపాటు చేసి ఎరగదు. ఇప్పుడు ఈ గౌనుకి లాగితే ఊడే కుట్టు ఒక్కటి లేదు. ఏది తీసుకోవాలో పెళ్ళికూతురు తేల్చుకోకముందే ఇది ఆమెదైపోయింది. ఆవిడ విప్పడానికి కత్తి చేతిలోకి తీసుకుంది, కాసేపు పట్టుకుని కూర్చుని, మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. అప్పుడు కూడా ఏమీ అనిపించలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయని మాత్రం అనిపించింది.

ఆ సాయంత్రం పిట్ట తల్లికి జడ వేసింది. అడగకుండానే వచ్చి, దువ్వెన తీసుకుని వెనకాల కూర్చుంది. చాలాసేపు దువ్వింది. ఇప్పుడు చెబుతుందని ఆవిడ ఎదురుచూసింది. అమ్మా, నీకు తెల్ల వెంట్రుకలు బాగా వచ్చేశాయి, అంది పిట్ట. అంతే. జడ కొస రబ్బరుతో బిగించి లేచి వెళ్ళిపోయింది.

గురువారం మూడున్నరకి ఆవిడ షాపు వెనక గుమ్మం గుండా వెళ్ళి తెర వెనకాల కూర్చుంది. అక్కడ ఒక మిషను, ఇస్త్రీ బల్ల, ఒక స్టూలు ఉంటాయి. తెరకి అవతల పెద్ద అద్దం, బట్టలు మార్చుకునే అర. మేడమ్ రెండు గౌన్లూ పరీక్షగా చూసింది. బూడిద రంగు దాని అంచు తిరగేసి చూసి మొహం ముడుచుకుంది.

"ఇదేంటిది? మొత్తం కుట్టేశావేం? ఆ అమ్మాయి అది తీసుకోకపోతే దీన్ని నేనేం చేసుకోను?"

"ఇదే తీసుకుంటుంది మేడమ్."

"నీకెలా తెలుసు?"

తీసుకోకపోతే మొత్తం విప్పి, గుర్తులు పోయేదాకా ఇస్త్రీ చేసి గానీ కదలనివ్వనని మేడమ్ అంటుండగా ముందు తలుపు గంట మోగింది. అడుగుల చప్పుడు ఆవిడకి తెలుసు. ఎడమ చెప్పు కాస్త ఈడుస్తుంది.

ముందు మీగడ రంగుది వేసుకుంది. గుడ్డ గరగర, జిప్పు లాగిన చప్పుడు. మేడమ్ ఆహా అంది, ఓహో అంది, నువ్వు పెళ్ళికూతురివి కాదు దీపానివి అంది. ఇటు తిరగమ్మా, అటు తిరగమ్మా. మధ్యలో, రేపు నీ వెంట ఎవరొస్తున్నారని అడిగింది. ఎవరూ లేరండీ అంది పిట్ట. అతని తరఫున ఒక స్నేహితుడు, అతని భార్య సాక్షి సంతకాలకి వస్తారంది.

"మరి మీ అమ్మ? అమ్మకి కూడా చెప్పలేదా?"

"అమ్మ లేదండీ," అంది పిట్ట. "నాన్న కూడా లేరు."

అయ్యో తల్లీ అంది మేడమ్.

ఆవిడ స్టూలు మీద కూర్చుని విన్నది. పిల్ల గొంతు వణకలేదు. చిరునామా చెప్పినట్టు చెప్పింది. అబద్ధం చెబుతున్నవాళ్ళ గొంతు అలా ఉండదు. అవును మరి, మూడు వారాల కిందట ఆయన ఆ మాట అంటే నేను కాదనలేదుగా, అనుకుంది. ఉన్న దాన్నని నేనెప్పుడు చెప్పాను? ఎదురుగా మిషను మీద ఎవరిదో చొక్కా ఉంది. దాని గుండీలు లెక్కపెట్టింది. ఏడు.

తర్వాత బూడిద రంగుది వేసుకుంది. మేడమ్ ఈసారి ఆహా అనలేదు. బానే ఉంది, ఉద్యోగానికి వెళ్ళేదానిలా ఉన్నావు అంది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. ఏమ్మా, బిగుతుగా ఉందా అంది మేడమ్. లేదు అంది పిట్ట. ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది, ఎడమ భుజం లోపల ఏముందో. అద్దం ముందు పిల్ల చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో తెర ఇవతల నుంచే కనిపించినట్టైంది.

"ఇది కుట్టినావిడ ఉన్నారా?" అంది పిట్ట. గొంతు ఇప్పుడు చిరునామా చెప్పేలా లేదు.

మొత్తం నేనే కుడతానమ్మా, అని మేడమ్ అలవాటు ప్రకారం మొదలుపెట్టి, పిల్ల మొహం చూసి కాబోలు ఆగిపోయింది. తెర పక్కకి లాగి, ఒకసారి ఇలా రామ్మా అంది.

ఆవిడ లేచి, ఒళ్ళో దారప్పోగులు దులుపుకుని, ముందు వైపుకి వెళ్ళింది. అద్దంలో ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పిట్ట పెదవులు తెల్లగా అయిపోయాయి. అమ్మ లేదని చెప్పి పది నిమిషాలు కాలేదు, మేడమ్ పక్కనే నిలబడి ఉంది. ఆవిడ పిల్ల పరువు తీయదలుచుకోలేదు.

"కాస్త నిటారుగా నిలబడండి," అని మోకాళ్ళ మీద కూర్చుని అంచు సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదు.

"మీరు వింటూనే ఉన్నారా?" అంది పిట్ట.

"విన్నానండి."

"ఎప్పటినుంచి తెలుసు?"

"సోమవారం నుంచి."

దేని గురించి తెలియడమంటున్నారో మేడమ్‌కి బోధపడలేదు. ట్రయలు టైము గురించి అనుకుని, మాదంతా పక్కా పని, ముందే చెప్పేస్తామంది. పిట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కిందికి పడనివ్వలేదు.

"రెండింట్లో ఏది తీసుకోమంటారు?" అని అడిగింది.

ఆవిడ మోకాళ్ళ మీదే వెనక్కి జరిగి చూసింది. బూడిద రంగు గౌనులో కూతురు చాలా మామూలుగా ఉంది. ఎవరి కంటా పడదు. గుమ్మం దాటుతుంది, మెట్లు దిగుతుంది, వీధిలో కలిసిపోతుంది. ఒక్కో కుట్టూ అలా కనిపించకుండా పోవడానికే వేసింది తను. ఇన్నాళ్ళూ తను ఎలా ఉందో అలాగే కుట్టింది పిల్లని కూడా. చూస్తుంటే మొదటిసారి గుండెలో ఏదో మెలిపెట్టినట్టైంది. నొప్పి బాగానే వేసింది. ఇన్ని రోజుల తర్వాత ఏదో ఒకటి తెలుస్తున్నందుకు హాయిగా కూడా ఉంది.

"మీగడ రంగుది," అంది.

"మరి ఇదంతా గట్టిగా కుట్టేశావు కదమ్మా," అంది మేడమ్, నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"విప్పేస్తాను మేడమ్. గుర్తు లేకుండా విప్పేస్తాను."

"అది వేసుకుని నేను ఇంట్లోంచి బయటికి రాలేనండీ," అంది పిట్ట మెల్లగా. "రేపు నాన్..." అని ఆగింది. "ఇంట్లో అందరూ ఉంటారు."

"ఉండనివ్వండి," అంది ఆవిడ. "సంచీలో పెడితే ఆ గుడ్డ నలిగిపోతుంది. ఇంట్లోనే వేసుకోండి."

మీగడ రంగు గౌను అంచుని చెప్పులతో కొలిచి, మిషను మీద కూర్చుని నడుమూ అంచూ ఆవిడే గట్టిగా కుట్టింది. తెర ఎవరూ వెయ్యలేదు. పిట్ట ఒక కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని సూది కింద గుడ్డ కదలడం చూసింది. దానికి కూడా ఎడమ భుజం లోపల ప్యాడు కుట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. పిట్ట గౌను పెట్టిన అట్టపెట్టె తీసుకుని వెళ్ళిపోయాక ఆవిడ కిటికీ వెలుతురులో కూర్చుని బూడిద రంగు గౌను విప్పడం మొదలుపెట్టింది. హెమ్మింగ్ ఒక్కదానికే ముప్పావు గంట పట్టింది. ఎంత గట్టిగా కుట్టానో అనుకుంది. మేడమ్ పక్కన నిలబడి సణిగి సణిగి, చివరికి టీ తెప్పించింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకి ఆయన ముందు గదిలో కుర్చీలో ఉన్నాడు. పేపరు నాలుగో పేజీకి వచ్చాడు. ఆవిడ వంటింట్లో గిన్నెలు తోమి బోర్లించి, చేతులు తుడుచుకుని, మంచి చీర కట్టుకుంది. చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్ళి తన చెప్పులు తీసి గుమ్మం దగ్గర పెట్టింది. పక్కన పిట్టవి పెట్టింది. లోపలి గది తలుపు తెరుచుకుంది.

మీగడ రంగు గౌనులో పిట్ట వచ్చి గది మధ్యలో నిలబడింది. పొద్దుటి ఎండ కిటికీలోంచి నేరుగా దాని మీద పడింది. ఆ గదిలో అంత తెల్లటి వస్తువు ఇంకేదీ లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, రెండు చేతులతో గౌను పక్కలు పట్టుకుంది.

ఆయన పేపరు దించాడు. పైనుంచి కిందిదాకా చూశాడు. పేపరు మడిచాడు. మడతలు సరిగ్గా రాలేదు, మళ్ళీ విప్పి మడిచాడు. ఆయన పేపరు మడత తప్పడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఆయన మీద జాలి వేసింది. భయం కూడా వేసింది.

"ఎక్కడికట?" అన్నాడు ఆవిడ వైపు తిరిగి.

పిట్ట కూడా ఆవిడ వైపే చూసింది. ఇద్దరూ ఎప్పటిలాగే ఆవిడ కోసం ఆగారు.

"పెళ్ళికి వెళ్తున్నాం," అంది ఆవిడ. "పదకొండింటికి, రిజిస్టరు ఆఫీసులో. నేనూ వెళ్తున్నాను."

ఆయన మడిచిన పేపరు పక్కన పెట్టాడు. ఆరోజు ఏం చెప్పానో గుర్తుందా అన్నాడు. గుర్తుందంది. చెప్పిన మాట మీద నిలబడే మనిషినని తెలుసు కదా అన్నాడు. ముప్పయ్యేళ్ళుగా తెలుసంది. మీరు ఆ మాట అన్నప్పుడు నేను మిషను ఆపాల్సింది, ఆపలేదు, అది నా తప్పు, అంది. ఇంత మాట ఒక్క ఊపున ఆయనతో ఎప్పుడు మాట్లాడిందో ఆవిడకే గుర్తులేదు. అరవలేదు, ఏడవలేదు. చెప్పులు వేసుకుంది. పిట్ట చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోతే తానే వంగి పట్టీలు పెట్టింది. తలుపు గడియ తీసింది.

మెట్ల మీద పిట్ట రెండు మెట్లు దిగి ఆగింది. గౌను అంచు పైకి పట్టుకుని వెనక్కి చూసింది.

వెనకాల కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన గుమ్మం దాకా రాలేదు, గది మధ్యలోకి వచ్చాడు.

"సాయంత్రం వస్తావా?" అన్నాడు ఆవిడతో. ఎన్నింటికి అని అడగలేదు.

ఆవిడ తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించింది. ఆయన తలుపు తీస్తాడో తీయడో ఆవిడకి నిజంగానే తెలియదు. తీయకపోతే ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో కూడా తెలియదు.

"మీరు తలుపు తీస్తే నలుగురం వస్తాం," అంది. "పాపకి ఆకలేస్తుంది, కాస్త పెందలాడే అన్నం వండి పెట్టండి."

తలుపు దగ్గరగా వేసి, గౌను అంచు పట్టుకోవడానికి చెయ్యి చాచి, కూతురి వెనకాల మెట్లు దిగింది.